పుచ్చిన కట్టెకు పదివేలు

వరంగల్

చిరంజీవి పండరికి, అందరం క్షేమమే; మగ్గం గుంతలోకి మాత్రం వాన నీళ్లు దిగుతున్నాయి.

నువ్వు పంపిన నీ దోస్తు చంద్రమౌళి నిన్న వచ్చాడు. చూరు చెక్కలన్నీ పుచ్చిపోయాయట, అవి మార్చి, వాన నీళ్లు పోయే కొత్త రేకు దోనెలు బిగించడానికి అరవై రెండు వేలట. నిచ్చెన కూడా ఎక్కలేదు.

"పాత చెక్కలు ఏం చేస్తవు నాయనా?" అని అడిగాను.

"మేమే తీస్కపోతం నాయనమ్మా, మీకెందుకు ఫికర్!"

నీళ్లు కాచుకోవడానికి మాకే ఉండనీ అన్నాను. "అట్లయితే ఇంకో పదివేలు పడ్తయి" అన్నాడు.

"పుచ్చిన కట్టెకు పదివేలా?" అంటే మీ అమ్మ నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది.

అతను పోయాక ఆమెనే నిచ్చెన ఎక్కించి, దబ్బనంతో చెక్క చెక్కా పొడిపించాను. దోనె చిల్లిపడ్డ మూలన రెండే మెత్తబడ్డాయి. మిగతావి మీ తాత వేయించిన టేకువి, దబ్బనం దిగలేదు. ఆ రెండు చెక్కలూ, దోనె కూడా మార్చడానికి మన వీధి వడ్రంగి సాంబమూర్తి పద్దెనిమిది వేలు చెప్పాడు. అందులోనూ కొంత తగ్గిస్తాను.

సూరత్‌లో వానలున్నాయా? నీ బిడ్డ మహితకు దగ్గు తగ్గిందా? నేను పంపిన కారప్పొడి డబ్బా తిరిగి పంపు.

ఇంకొకటి. చంద్రమౌళి గడప దాటుతూ, "పాత కట్టె సంగతి పండరికి ఎరికే" అన్నాడు. నీకేం ఎరుక? ఫోన్‌లో చెప్పకు, రాసి పంపు. అప్పటిదాకా అతనికి ఒక్క రూపాయి వేయకు.

జవాబు ఎట్లున్నా నా ఆశీస్సులు నీకే. టేకు మాత్రం చూరు దిగదు.

నాయనమ్మ
శ్యామలమ్మ