నీలం బకెట్‌లో కలిపిన ఒటాయ్

సెమిసీ, ఫ్రిజ్‌లో ఉన్న ఒటాయ్ పారబొయ్యి, చుక్క కూడా తాగకు. ఇంకో పుచ్చకాయ కోరి, కొబ్బరిపాలు పోసి, వంటగిన్నెలోనే కలిపి, పాటల పోటీ మొదలయ్యేలోగా చర్చికి పట్టుకురా. ఆ నీలం బకెట్ మాత్రం ముట్టుకోకు.

పొద్దున సాధనలో అది తాగిన మా పాటల బృందం మొత్తానికి నాలుకలు మొద్దుబారాయి. మీ చెల్లెలు లుపే నోరు తెరిస్తే పాట బదులు మూలుగు వచ్చింది. ఎవరో రాత్రి తాగడానికి కావా వేళ్ల రసం పిండి, నాలుక మొద్దుబార్చే ఆ మడ్డి కడక్కుండా ఆ బకెట్ వంటింట్లో పెట్టారు. నేను చూసుకోకుండా అందులోనే కలిపి, పాపం సరిగా పాడట్లేదని నీ చెల్లెల్ని నానా మాటలూ అన్నాను.

లెసియెలి

మరిచిపోయాను. బకెట్‌లో కావా పిండింది ఎవరని పాస్టరుగారు అడిగితే, మీ అమ్మే ఆ మొద్దు నాలుకతో లేచి, అందరి ముందూ చెప్పింది: "ఇంకెవరండీ, మా సెమిసి."