ఆగిన పదకొండు నిమిషాలు

12 జులై, ఆదివారం ఉదయం

చిరంజీవి చెల్లికి,

అక్క దీవెనలు. ఇక్కడ అందరం కులాసా. మీ బావగారి మోకాలు మాత్రం ఎప్పటిలాగే సణుగుతోంది. కొత్తిల్లు సర్దుకున్నావని సంతోషం. బడి యూనిఫారాలు కుట్టే పని నెత్తిమీద ఉండి నేనింకా చూడ్డానికి రాలేకపోయాను.

ఒకటో తారీఖు నుంచి పరుగు మొదలుపెడతాను, దూరం, వేగం చూసుకోవడానికి ఏం కొనాలి అని అడిగావు. టేపు మెడలో వేసుకుని బతికేదాన్ని, కొలతల గురించి నన్ను కాక ఎవర్నడుగుతావు. నీకోసం ఫోన్లో ఆప్, చేతికి వాచీ, బూటు లేసుకి తగిలించే చిప్పు, మూడూ ఒకేసారి పెట్టుకుని వారం పరిగెత్తాను. మీ బావ నన్ను కరెంటు స్తంభం అన్నారు.

ఫోన్ దూరం కాస్త ఎక్కువ చెప్పి మురిపిస్తుంది. చిప్పు అడుగులు లెక్కపెడుతుంది, పిసినారి. వాచీయే నయం. కానీ అందులో ఆటో పాజ్ అని ఒకటుంటుంది. మనం ఆగితే గడియారమూ ఆగుతుంది. రోడ్డు దాటడానికి నిలబడ్డా వేగం తగ్గినట్టు కనబడకూడదని దాన్ని ఇన్నాళ్లూ ఆన్‌లోనే ఉంచాను. ఆలస్యంగా వస్తున్నావని బావ అంటే, వాచీ చూపించి నోరు మూయించేదాన్ని.

మూడూ సరిపోల్చాలని ఈ వారం ఆ ఆటో పాజ్ తీసేశాను. మూతపడ్డ అచ్చాఫీసు గోడ దగ్గర రోజూ పదకొండు నిమిషాలు కదలకుండా నిలబడ్డానట. మూడూ ఒకే మాట చెబుతున్నాయి. నాకైతే ఎక్కడా ఆగిన జ్ఞాపకం లేదు. భయమేసింది చెల్లీ. డాక్టరు చూసి, నిద్ర చాలక అలా అవుతుందన్నారు. ఆ దారి మానేశాను, దిగులుపడకు. వాచీయే కొనుక్కో, ఆటో పాజ్ మాత్రం తీసెయ్.

పిల్లలకు ముద్దులు.

నీ మేలు కోరే
అక్క

తా.క. పైన అబద్ధం రాశాను. దారి మానలేదు. ఇవాళ కూడా వెళ్లాను, ఫోన్లో రికార్డింగ్ పెట్టుకుని. ఇప్పుడే విన్నాను. అడుగుల చప్పుడు ఆగిపోయాక నా గొంతు ఒక్కటే ఉంది, పదకొండు నిమిషాలూ. ఎవరికో నెమ్మదిగా దారి చెబుతున్నాను. బేకరీ దాటాక ఎడమ సందు, మూడో ఇల్లు, ఆకుపచ్చ గేటు, గడియ పైన కాదు కింద ఉంటుంది, ఒకటో తారీఖు నుంచి తెల్లారగానే ఒంటరిగా బయటికొస్తుంది అని.

మీ ఇల్లు నేను చూడలేదు కదా. ఫోన్ చేసి అడుగుదామనుకున్నాను. నా గొంతు మళ్లీ నేను వినలేను.

మీ గేటు ఆకుపచ్చది కాకపోతే నవ్వుకుని ఇది చింపెయ్. ఆకుపచ్చదే అయితే పరుగూ వద్దు, ఏమీ వద్దు, తలుపు వేసుకుని ఉండు. నేనొచ్చి పిలిచినా తీయకు.