తప్పు గోరి వేలుది కాదు

టేకులపల్లి,
6 నవంబరు 2025, గురువారం.

చిరంజీవి నవతకు,

గురవయ్య సారు దీవించి రాస్తున్నది. ఇక్కడ అంతా క్షేమం అని రాయడం అలవాటు. ఈసారికి, ఇబ్బందేమీ లేదని రాస్తాను. వంట నేనే చేసుకుంటున్నాను. బీపీ మాత్రలు మానలేదు. నువ్వూ పాపా బాగున్నారని తలుస్తాను. ఆగస్టులో మీ నాంచారమ్మ మేడం పెద్దకర్మ రోజు ఆమె చీరలు నువ్వే సర్ది బీరువాలో పెట్టి వెళ్లావు. ఆ బీరువా నేనింకా తెరవలేదు.

విషయానికి వస్తాను. పోయిన నెల ఖమ్మం షూటింగ్ సెలక్షన్‌లో నువ్వు ఇక్కడి బడి పిల్ల గోరిని పక్కన పెట్టావు. ట్రిగ్గర్ లాగేటప్పుడు వేలు పక్కకు గుంజుతున్నదని దాని కార్డు మీద రాశావు. కుడిచేతి పిల్ల, గుళ్లన్నీ ఎడమకు. నీ చోట ఎవరున్నా అదే రాస్తారు. రాష్ట్ర పోటీల లిస్టు సోమవారం హైదరాబాద్ పోతుందట. ఆలోపు ఈ ఉత్తరంతో ఉన్న టార్గెట్ కాగితాలు చూడు. ఫోన్‌లో చెప్పవచ్చు. కానీ కాగితాలు చూడకుండా నమ్మమని నిన్ను అడగలేను.

గోరి నీకు తెలిసింది ఒక్కరోజే కనుక రెండు మాటలు. ఇక్కడి తండా పిల్ల, పదో తరగతి. మేడం దగ్గర నువ్వు నేర్చుకున్న ఎయిర్ రైఫిల్ మీదనే మూడేళ్లుగా నేర్చుకుంటున్నది. మీ మేడం పోయాక కూడా రోజూ సాయంత్రం మా ఇంటికొచ్చి రైఫిల్ తీసుకుపోయి, బడిలో ప్రాక్టీసు చేసి, తుడిచి తెచ్చి ఇస్తుంది. మేడం చోట వచ్చిన పీఈటీ వాసు చెడ్డవాడు కాదు. గుళ్లు ఎడమకు పోతుంటే కుడికి గురిపెట్టి కొట్టమన్నాడు. దాంతో పిల్లకు ఉన్న గురి కూడా చెదిరింది. సెలక్షన్ అయ్యాక రైఫిల్ తెచ్చి నా ముందు పెట్టి, ఇక రానని చెప్పింది.

మరునాడు వాళ్ల నాయన తుల్సీరాం వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. "మా పిల్ల వేలు వంకరంటున్నరట సారూ. పొద్దుందాక పత్తి ఏరుతది, గప్పుడు ఎన్నడు వంకర పోలే" అన్నాడు. పిల్లకు టీసీ తీసుకుని వాళ్ల అక్క దగ్గరికి జూలూరుపాడు పంపుతానని చెప్పి వెళ్లాడు. అక్కడ షూటింగ్ లేదు.

ఆదివారం మా పెరట్లో పది మీటర్లు కొలిచి టార్గెట్ కట్టాను. గోరిని బతిమాలి పిలిపించాను. ఇసుక సంచి మీద రైఫిల్ ఆనించి, నడిమికే గురిపెట్టి పది కొట్టమన్నాను. మొదటి కాగితం అది. పది గుళ్లూ రూపాయి బిళ్ల కింద దాగుతాయి. కాకపోతే నడిమికి సెంటీమీటరు ఎడమగా ఉన్నాయి. వేలు గుంజితే గుళ్లు చెదరాలి గానీ ఇలా ఒక్కచోట కుప్ప పడవు.

రెండో కాగితం బడి వాచ్‌మన్ బొజ్జయ్యది. రైఫిల్ పట్టడం అతనికి అదే మొదలు. కాగితమంతా చల్లాడు, అయినా ఎక్కువ ఎడమకే. ఒకటి మా జామచెట్టుకు తగిలింది. "మా కోయోళ్ల విల్లుకు సైట్ ఉండది సార్, అందుకే ఖరాబు కాదు" అని నవ్వాడు. పది రోజుల్లో గోరి నవ్వడం అప్పుడే చూశాను. మూడో కాగితం నాది. అదీ ఎడమే. మనుషులు ముగ్గురు మారినా తప్పు మారలేదంటే తప్పు రైఫిల్‌ది.

గురి చూసే సైట్లు రెంటిలో వెనకదాన్ని పక్కకు జరిపే మర ఎప్పుడో అరిగిపోయిందని నీకు తెలుసు. కాబట్టి ముందు సైట్ చూశాను. కొంచెం కుడికి జరిగి ఉంది. సైట్లు రెంటికీ మధ్య అర మీటరు, టార్గెట్ పది మీటర్లు. అంటే ఇక్కడి అర మిల్లీమీటరు అక్కడ సెంటీమీటరు అవుతుంది. ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, లెక్క సరిగ్గానే వేశాను. స్క్రూ వదులు చేసి మాత్రం, గుళ్లు ఎడమకు పోతున్నాయి కదా అని సైట్‌ను ఇంకా కుడికి జరిపాను. తర్వాతి గుళ్లు కాగితం అంచు దాకా పోయాయి. వెనక సైట్‌కు ఆ పద్ధతి సరే. ముందు సైట్‌ను గుళ్లు పోయే వైపే జరపాలి. గోరి మెల్లగా "సార్, మేడం అయితే ఎడమకు జరుపుతుండె" అన్నది. ఎడమకు జరిపాము. నాలుగు సార్లు జరిపి, ప్రతిసారీ మూడేసి కొట్టి చూశాము.

గుళ్లు నడిమికి వచ్చాక భూతద్దం పెట్టి చూశాను. సైట్ అడుగున సన్నని గీత, గొట్టం మీద ఇంకో గీత. రెండూ కలిసి ఒక్కటిగా ఉన్నాయి. సూదితో గీసినవి. ఎవరు గీశారో నీకు చెప్పనక్కరలేదు.

చివరి కాగితం గోరిది, సంచి ఆసరా లేకుండా నిలబడి కొట్టింది. ఆరు పదులు, నాలుగు తొమ్మిదులు. లిస్టులో పెట్టమని అడగడం లేదు. ఈ రైఫిల్‌తోనే, నీ కళ్ల ముందు, ఇంకొకసారి కొట్టనివ్వు. దసరా తర్వాత ఎప్పుడో సైట్ కదిలిందని కమిటీకి చెప్పు. రేపు తుల్సీరాం పత్తి బండితో ఖమ్మం మార్కెట్‌కు వస్తున్నాడు. ఈ కవరు నీ చేతికే ఇస్తాడు. రమ్మంటే శనివారం గోరిని నేనే తీసుకొస్తాను.

పాపకు ముద్దులు.

ఇట్లు,
నీ మేలు కోరే
గురవయ్య

తా.క. సైట్ కదిలిందని రాశాను. కదలలేదు, నేను విప్పాను. ఏటా దసరాకు మీ మేడం రైఫిల్‌కు పసుపు కుంకుమ పెట్టి పూజ చేసేది. ఆమె లేదని మానబుద్ధి కాలేదు. ఎంత పెట్టాలో తెలియక తడి పసుపు మెత్తాను. ఎండి సైట్ చుట్టూ గట్టిపడింది. మరునాడు స్క్రూ విప్పి, కిరోసిన్‌తో కడిగి, కంటి అంచనాతో బిగించాను. గీతల సంగతి నాకు తెలియదు. గుళ్లు ఎడమకు పోతున్నాయని గోరి చెప్పిన మొదటి రోజే అనుమానం వచ్చింది. నాంచారమ్మ వస్తువు నా చేతిలో మూడు నెలలు తిరగకుండా పాడైందని ఒప్పుకోలేకపోయాను. సెలక్షన్‌లో ఆ పిల్ల వేలుదే తప్పంటుంటే పక్కనే కూర్చుని విన్నాను. తుల్సీరాం వచ్చిన రోజు కూడా చెప్పలేదు. కమిటీకి ఈ నాలుగు ముక్కలే చూపించు, పైవి లేకున్నా ఫర్వాలేదు. పొద్దున్నే తండాకు వెళ్లి, గోరినీ వాళ్ల నాయననూ కూర్చోబెట్టి ఇది చదివి వినిపిస్తాను. కవరు ఆ తర్వాతే అంటిస్తాను.