నాన్న చెవిపోగు

నాన్నా,

ఫోను చెయ్యకుండా ఉత్తరం రాస్తోందేమిటా అని కళ్ళజోడు వెతుక్కుంటున్నావు కదూ? టీవీ మీద ఉంటుంది చూడు. ఫోనులో నీ గొంతు వింటే నేను చెప్పాలనుకున్నది చెప్పలేను. నువ్వు "ఏమ్మా చెవిపోగూ" అంటావు, నేను కరిగిపోతాను, ఆఖరికి నీ బీపీ మాత్రల గురించి మాట్లాడుకుని పెట్టేస్తాం. ఇప్పటికి మూడుసార్లు అలాగే అయింది. అందుకే కాగితం తీసుకున్నాను. కాగితం నన్ను బుజ్జగించదు.

ముందే చెప్పేస్తున్నాను. ఈసారి ఎన్నికల ప్రచారానికి నేను రావడం లేదు. సెలవు దొరక్క కాదు. నీ పక్కన నడవడానికి నా కాళ్ళు రావడం లేదు.

మా ఆసుపత్రి ఎలా ఉంటుందో నీకు తెలుసు, నువ్వు కట్టించిందే. నేను వ్యాయామం చేయించే మోకాళ్ళ విభాగం మూడో అంతస్తులో ఉంది. మోకాళ్ళ నొప్పులవాళ్ళని మూడంతస్తులు ఎక్కించాలన్న గొప్ప ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ, అప్పట్లో "లిఫ్టు ఉందిగా" అన్నారట. ఉంది నాన్నా. ప్రతి అంతస్తులోనూ ఓ ఇనుప తలుపు, పక్కన మీట. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ మీట నొక్కి మర్యాదగా నిలబడతారు. కాసేపటికి ఊడ్చే ఆవిడ వచ్చి ఆ తలుపు తెరిచి, చీపురూ బకెట్టూ తీసుకుని వెళ్ళిపోతుంది. కొత్తవాళ్ళు ఆవిడ వంక గుడ్లప్పగించి చూసి, మెట్ల వైపు తిరుగుతారు.

కాగితాల్లో మాత్రం ఆ లిఫ్టు బ్రహ్మాండంగా తిరుగుతోందట. ఆసుపత్రి కమిటీ పెద్దగా కింద సంతకం నీది. విచారణాధికారి వచ్చి మమ్మల్ని ఒక్కొక్కరినీ పిలిచి, ఇది ఎప్పుడైనా నడిచిందా అని అడుగుతున్నాడు. అందరూ "రిపేరులో ఉందండీ" అంటున్నారు, నా మొహం చూసి. వచ్చే వారం నా వంతు. నేను అబద్ధం చెప్పలేను. చెబితే ఆ తర్వాత ఏ మోకాలి మీదా చెయ్యి వెయ్యలేను.

నిన్న వైరు కుర్చీలు అల్లే పెద్దావిడ వచ్చింది. గుర్తుందా? ఎందుకు గుర్తుంటుందిలే, గుర్తుపెట్టుకోవడం నా పని కదా. రెండో మలుపు దగ్గర మెట్ల మీద కూలబడి ఆయాసపడుతోంది. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే మొదటి మాటగా ఏమందో తెలుసా? "నాన్నగారు బాగున్నారా అమ్మా? బంగారంలాంటి మనిషి. ఎప్పుడు కనబడినా నా మోకాలి సంగతే అడుగుతారు" అంది. ఆ మోకాలు చేత్తో పట్టుకునే అంది.

మన ముందు గదిలో నీ కుర్చీ వెనక స్టూలు వేసుకుని హోంవర్కు చేసుకునే రోజులు గుర్తొచ్చాయి. పొద్దున్నే వరండా నిండా జనం. వచ్చేది ఎవరో కిటికీలోంచి చూసి నేను నీ చెవిలో వేసేదాన్ని. "కుర్చీల ఆవిడ. మోకాలు." "బస్సు డ్రైవరు. కూతురి పరీక్షలు." నువ్వు అప్పుడే తలెత్తినట్టు తలెత్తి "ఏమ్మా, మోకాలు ఎలా ఉంది?" అనేవాడివి. ఆ మనిషి మొహం ఒక్కసారిగా వెలిగిపోయేది. నాకెంత గర్వంగా ఉండేదో! నీకు మతిమరుపు, నాకు గుర్తు. ఇద్దరం కలిస్తే ఒక మంచి నాయకుడు. ఎప్పుడూ నీ చెవికే వేలాడతానని నువ్వు చెవిపోగు అని పేరు పెట్టావు.

ఆవిడ ఆ మెట్ల మీద కూర్చుని కూడా నిన్ను పొగుడుతుంటే, ఆ పొగడ్తలో సగం నేను అల్లినదేననిపించింది. ఇక నా వల్ల కాదు నాన్నా. నీ మీద ప్రేమ తగ్గి కాదు. అది తగ్గితే ఇంత పెద్ద ఉత్తరం ఎందుకు రాస్తాను?

మాత్రలు వేసుకో. అమ్మని కసురుకోకు.

నీ
చెవిపోగు

*

నా చెవిపోగుకి,

కళ్ళజోడు టీవీ మీద లేదు. నా నెత్తి మీదే ఉంది. మీ అమ్మ చూసి నవ్వుతోంది. నీ లెక్క తప్పడం ఇదే మొదటిసారి, రాసి పెట్టుకో.

ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి మీ అమ్మకి వినిపించాను. ఆవిడ లేచి వెళ్ళి నాకు మాత్ర తెచ్చి ఇచ్చింది. మీ అమ్మ తిట్టకుండా మాత్ర ఇచ్చిందంటే సంగతి ఎంత పెద్దదో నీకు తెలుసు.

విచారణలో నువ్వు చూసింది నువ్వు చెప్పు. నా కోసం అబద్ధమాడమని నిన్ను అడగను. అడిగే మొహం నాకు లేదు. లిఫ్టు గురించి కలిసినప్పుడు మాట్లాడుకుందాం. జనం ఎన్నో అంటారు. ఎవరేమన్నా నేను ఏ రోజూ ఇంటి తలుపు మూసుకుని కూర్చోలేదు, అది నువ్వు కళ్ళారా చూశావు.

కానీ నువ్వు లేకుండా ప్రచారానికి వెళ్ళి నేనెంత ఘనకార్యం చేశానో విను. మొన్న మన పాత వీధిలోకి వెళ్ళాను. క్షవరం షాపాయన బయటికి వచ్చాడు. ఇతనికేదో ఉందే, ఏమిటది, ఏమిటది అని బుర్ర గోక్కున్నాను. భార్యకి ఒంట్లో బాగోలేదన్నట్టు గుర్తొచ్చింది. హమ్మయ్య అనుకుని, అందరూ వినేట్టు "మీ ఆవిడ ఎలా ఉందోయ్, కోలుకుందా?" అన్నాను. మనవాడొకడు నా మోచెయ్యి పట్టి లాగాడు. ఆవిడ పోయి ఏడాదయిందటమ్మా. నేను మనింటి నుంచి మనిషిని కూడా పంపానట. పప్పులో కాలు వెయ్యడం కాదు, ఏకంగా మునిగిపోయాను. భూమి చీలితే బాగుండుననిపించింది.

అతను కోప్పడతాడనుకున్నాను. తువ్వాలు భుజాన వేసుకుని దగ్గరికొచ్చి, నా చెయ్యి పట్టుకుని, మెల్లగా అన్నాడు: "పర్లేదు లెండి. ఈసారి అమ్మాయిగారు పక్కన లేరుగా."

నేను ఇంటికి వచ్చి అదే ఆలోచిస్తున్నాను. అంటే వాళ్ళకి తెలుసా? ఇన్నేళ్ళూ తెలుసా? మనిద్దరం ఎంత తెలివైనవాళ్ళమో అనుకున్నాం కదే!

అందరూ నువ్వేదీ అని అడుగుతున్నారు. డ్యూటీ అని చెబుతున్నాను. అది అబద్ధం కాదనుకుంటాను.

మీ అమ్మ నిన్ను వేళకి తినమంది.

నాన్న

*

నాన్నా,

నీ ఉత్తరం చదివి మా గదిలో ఒక్కదాన్నే నవ్వాను, తర్వాత క్షవరం షాపాయన గుర్తొచ్చి ఏడ్చాను. అతని భార్య నాకు జామెట్రీ బాక్సు కొనిపెట్టింది ఒకసారి. నీకు తెలియదులే.

విచారణ అయిపోయింది. ఆ అధికారి నా ఇంటిపేరు చూసి కళ్ళజోడు సర్దుకున్నాడు. లిఫ్టు ఎప్పుడైనా నడిచిందా అన్నాడు. "ఒక్కసారి కూడా కదల్లేదండీ. అందులో చీపుళ్ళూ బకెట్లూ, చక్రం విరిగిన కుర్చీ ఒకటీ ఉంటాయి" అన్నాను. రాసుకున్నాడు. బయటికి వచ్చాక మా ఆసుపత్రి వాళ్ళు భోజనాల దగ్గర నాకు చోటిచ్చారు గానీ పలకరించలేదు.

మర్నాడు కుర్చీల ఆవిడ వచ్చింది. మళ్ళీ అదే మలుపు, అదే మెట్టు. నన్ను చూడగానే "చెప్పేశావటగా" అంది.

"కోపమా?" అన్నాను.

"ఎందుకమ్మా? నిజమేగా. ఆ తలుపు వెనక చీపుళ్ళున్నాయని నాకు తెలీదా ఏంటి?"

"మరి ఓటు?"

"నాన్నగారికే."

నాకు ఒళ్ళు మండింది. ఈ మెట్లు నీ చేత ఎక్కిస్తున్నది ఎవరనుకున్నావని అడిగేశాను. ఆవిడ మోకాలు రుద్దుకుంటూ తాపీగా చెప్పింది. ఆవిడ మాటలే రాస్తున్నాను. "ఆ రెండో ఆయన తినడా? తినని మనిషిని చూపించు, ఈ మోకాళ్ళతోనే నడిచి వెళ్ళి వేస్తాను. పింఛను ఆఫీసుకి వెళ్తే ఆ కిటికీ వెనకున్న అబ్బాయి నా మొహం కూడా చూడకుండా రేపు రమ్మంటాడు. రేపు వెళ్తే ఎల్లుండి. మీ నాన్నగారు ఒక్కరే నన్ను చూసి, మోకాలు ఎలా ఉందని అడిగింది."

"అది నేను చెవిలో చెబితే అడిగారు!" అన్నాను. అనేశాను నాన్నా, ఇక దాచలేక.

ఆవిడ నవ్వింది. "తెలుసులేమ్మా. కిటికీ పక్కన నీ పెదాలు ఆడుతుంటే వరండాలో అందరికీ కనబడేది. చిన్నపిల్లవి, బాధపడతావని ఎవరం అనలేదు. అంతమంది ఉన్నా నా సంగతి ఇంకొకరి చేత చెప్పించుకుని మరీ అడిగారే, అదే చాలనిపించేది. మిగతావాళ్ళు ఆ మాత్రం నటించడానికైనా రారు."

నేను వాళ్ళని అమాయకులనుకున్నాను. మనం మోసం చేస్తున్నాం, వాళ్ళు మోసపోతున్నారు అనుకున్నాను. వాళ్ళు అన్నీ తెలిసి, మన నాటకాన్ని మన్నించి, తమకి దొరికిన ఆ రవ్వంత మర్యాదకి ఇన్నేళ్ళూ ఓట్లు వేశారు. ఒకళ్ళు తనకేసి చూశారన్న దానికే మనిషి ఇంత ఇచ్చుకుంటాడా? నాకు కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని మిగతా మెట్లు ఎక్కించాను.

ఇప్పుడు అసలు సంగతి. పోలింగు రోజు వరుసలో నిలబడ్డంతసేపూ నీకు వెయ్యకూడదనే అనుకున్నాను. లోపలికి వెళ్ళాక నీ ఫొటో చూశాను. పాతది, నాకు జ్వరమొచ్చి రాత్రంతా నన్ను ఎత్తుకు తిరిగిన రోజుల్లోది. నీకే వేశాను. నీకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పి నాలుగు రోజులు కాకుండానే నీకే వేశాను! ఇంత చదివి, ఇన్ని మెట్లు రోజూ చూస్తూ నేనే అలా చేశాక ఆవిడని నేనేమని తప్పుపట్టను?

నువ్వు గెలుస్తావు. అందరూ అదే అంటున్నారు. ఒక్కటి అడుగుతాను. గెలిచాక ఒకసారి మా ఆసుపత్రికి రా. వెనక మంది లేకుండా, పక్కన నేను లేకుండా. ఆ మెట్లు ఎక్కు. ఆవిడ కనబడితే నీ అంతట నువ్వే పలకరించు.

నీ
చెవిపోగు

*

చెవిపోగూ,

గెలిచాను. పోయినసారి కంటే ఎక్కువ మంది వేశారు. నువ్వు కూడా వేశావని తెలిశాక మీ అమ్మ నన్ను అదోలా చూసింది. సంతోషంగా లేదు చూడటానికి. నాకూ లేదు.

నిన్న మీ ఆసుపత్రికి వచ్చాను. నీకు చెప్పలేదు. డ్రైవరుని కూడా గేటు దగ్గరే ఆగమన్నాను. మీట నొక్కాను. ఊడ్చే ఆవిడ వచ్చి, తలుపు తెరిచి, నన్ను చూసి, బకెట్టు తియ్యకుండానే మళ్ళీ మూసేసింది.

ఎక్కాను. మొదటి మలుపు దగ్గర చొక్కా తడిసిపోయింది. రెండో మలుపు దగ్గర ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. నన్ను చూసి పక్కకి జరిగి చోటిచ్చింది. కూలబడ్డాను. "ఆయాసమా బాబూ? మెల్లగా ఊపిరి తీసుకోండి" అంది. ఇద్దరం కలిసి కాసేపు ఊపిరి తీసుకున్నాం.

ఆవిడేనని తెలిసింది. కుర్చీలు, మోకాలు. అలవాటు కొద్దీ పక్కకి తిరిగాను, ఇంకేమైనా చెబుతావేమోనని. నువ్వు లేవు. ఇక దారిలేక నేనే అడిగాను: "మీ పేరేమిటమ్మా?"

ఇన్నేళ్ళలో ఆ మాట నేను ఎవరినీ అడగలేదే! నువ్వు కూడా కుర్చీల ఆవిడ అనే చెప్పావు గానీ పేరు చెప్పలేదు. నువ్వూ ఏ రోజూ అడగలేదట, ఆవిడే చెప్పింది. నేను ఇక్కడ రాయను. వెళ్ళి నువ్వే అడుగు.

పేరు చెప్పాక ఆవిడ నా వంక అదే పనిగా చూసింది. చూసి, "ఇన్నాళ్ళూ మీకు అన్నీ తెలుసు కదా అని నేనేమీ అడగలేదు. ఇవాళ మీరు అడిగారు కాబట్టి నేనూ అడుగుతున్నాను. లిఫ్టు ఏది బాబూ?" అంది.

మళ్ళీ పక్కకి తిరిగాను. సిగ్గుపడాల్సిన సంగతి ఏంటంటే, అప్పుడు కూడా తిరిగాను. విచారణలో చెప్పడానికి లాయరు నాకు పది జవాబులు నేర్పాడు. ఒక్కటీ నోటికి రాలేదు. "తినేశానమ్మా" అన్నాను. మీ అమ్మతో అనలేదు, నీతో అనలేదు, మెట్ల మీద ఆవిడతో అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. చిన్నపిల్లలా అడిగింది: "మరి నా మోకాలో?"

నీ గది ఇంకొక్క అంతస్తే ఉంది, కానీ నీకు మొహం చూపించలేక అక్కడి నుంచే దిగిపోయాను.

సోమవారం విచారణాధికారి దగ్గరికి వెళ్తున్నాను. లాయరు వద్దంటున్నాడు. మీ అమ్మ మాత్రం చొక్కా ఇస్త్రీ చేసి పెట్టింది. మెట్ల మీద అన్న మాటే అక్కడా అంటాను. ఆ తర్వాత పదవి ఉండదు, ఇల్లు కూడా ఉంటుందో లేదో తెలియదు.

నీకు వీలైతే వచ్చి నా పక్కన కూర్చో. చెవిలో ఏమీ చెప్పనక్కర్లేదు. ఊరికే కూర్చో.

నాన్న