కంచె మూసిన ఏడు

చిలుకూరు,
అక్టోబరు 1949

అన్న మత్తయ్యకు చెల్లె జానమ్మ వందనాలు. దేవుని దయవల్ల అమ్మ, నేను బాగున్నమని రాయాలె గద, రాస్తున్న. బెజవాడ గూడ్సుషెడ్డుల బస్తాలు మోసి నడుము పట్టుకున్నదని రాసినవు. నువ్వుల నూనె కాచి రుద్దించుకో.

అమ్మ కండ్ల సంగతి అడిగినవు. కోదాడ దవాఖానల సుక్కలిచ్చిన్రు. గుణం లేదు. మనుషుల్ని గొంతుతోటే గుర్తు పడుతున్నది. ఊరు సల్లబడ్డదా అన్నవు. రజాకార్లు లేరు, అంతవరకు నిమ్మలమే. మిలిట్రోల్లు మాత్రం దాక్కున్న కమ్యూనిస్టు సంగపోల్ల కోసమని అప్పుడప్పుడొచ్చి ఇండ్లు సోదా చేసి పోతరు.

దొర పట్నం పారిపోయినంక ఆయన పసులు మేసే కంచె బీడు అందరిదైంది కద. అందరిదైనంక ఎవ్వలు ఆగలే. ఊరి పసులు, తండా పసులు, మేకలు అన్ని ఆడనే. చెట్లు నరికి పొయ్యిల పెట్టుకున్నం. గడ్డి ఏర్లతోటి సహా పోయింది. వాన పడితే నీళ్లు నిలువకుండ ఎర్రమట్టిని గుంజుకపోయి చెరువుల పోసినయి.

ఎండకాలంల తండా పెద్దమనిషి మంగ్త్యా, మనోల్లు కూసోని మాట్లాడిన్రు. "ఈ వానకాలం పసుల కాలు పడనియ్యొద్దు. లేకుంటే ఇగ గడ్డి సంగతి మర్సిపోవుడే" అన్నడు మంగ్త్యా. అందరు ఒప్పుకున్నరు. వాలుకు అడ్డంగ రాళ్లు పేర్చినం. సుట్టు తుమ్మకంప కొట్టినం. కృష్ణ ఒడ్డుకు పోయి గడ్డి గింజలు దూసి తెచ్చి, పేడల కలిపి సల్లినం. నా అరచేతులు ఇంకా పగిలే ఉన్నయి. కొందరు పసుల్ని సూర్యాపేట అంగడిల అమ్ముకున్నరు. అమ్మ మన ఆవును అమ్మనియ్యలే. కావలికి వంతులేసుకున్నం.

నా వంతునాడు పక్కింటి పిచ్చమ్మవ్వ మేకలు కంప సందుల నుంచి సొచ్చినయి. కట్టెతోటి ఎల్లగొట్టిన.

"పిల్లా, సస్తున్నయే. జర మేయనియ్యి" అన్నది.

"నీయి మేస్తే రేపు అందరియి వస్తయి అవ్వా" అన్న.

ఆమె నన్ను తిట్టలే. మేకల్ని తోలుకొని ఏడ్సుకుంట పోయింది.

ఆవు ఈనిందా అని అడిగినవు. దానికి జవాబు రాయలేకనే ఇంత దూరం ఏదేదో రాసుకుంట వచ్చిన. అన్నా, ఆవు లేదు.

చూలుతోటి ఉన్నదని చింతాకు, మోదుగాకు ఏది దొరికితే అది తెచ్చి ఏసిన. అయినా బొక్కలు తేలినయి. వానలు పడ్డ మొదట్ల ఒక పగటిపూట, నేను కావలి ఉన్నప్పుడు, తాడు తెంపుకొని వచ్చి కంప తొక్కుకుంట కంచెలకు సొచ్చింది. అప్పుడే మొలిచిన గరికను నాలుకతోటి దేవులాడుకుంట మేస్తున్నది. సూసెటోల్లు ఎవ్వలు లేరు. కొంచెంసేపు మేయనిచ్చిన. తర్వాత పిచ్చమ్మవ్వ యాదికొచ్చింది. కొమ్ములు పట్టి గుంజుకొచ్చిన. అది ఎదురు తిరగలే. తిరిగే సత్తువ లేదు దానికి. ఇంటికొచ్చి పండింది, మళ్ల లేవలే. కడుపుల దూడతోటే పోయింది. అది దూడప్పుడు నువ్వు భుజాన మోసుకొచ్చిన ఆవు.

రోగమొచ్చి పోయిందని అమ్మకు చెప్పిన.

కంచెల గడ్డి మోకాలెత్తున పెరిగింది. అంతట కాదు, రాళ్ల కట్టల ఎంబడే. మిగిలిన జాగ ఇంకా బోడిగనే ఉన్నది. వచ్చే ఏడు సుత మూయాలంటున్నడు మంగ్త్యా. మొన్న కొడవండ్లతోటి కోసి ఇంటికొక మోపు పంచిన్రు. పసులు లేని ఇల్లని నాకియ్యరనుకున్న, ఇచ్చిన్రు. తీస్కపోయి పిచ్చమ్మవ్వ వాకిట్ల దించిన.

నేను చేసింది మంచిదో చెడ్డదో నాకు తెలుస్తలేదు. ఆలోచించే ఓపిక గూడ లేదు. నీకు కోపమొస్తది. వస్తే ఇంటికొచ్చి నా ముంగట నిలబడి తిట్టు, పడుత. ఉత్తరంల మాత్రం రాయకు. నీ ఉత్తరం అమ్మకు సదివి వినిపియ్యాల్సింది నేనే.

ఇట్లు,
నీ చెల్లె
జానమ్మ