లైబ్రరీ తలుపు మీది వేపకొమ్మ

యాదన్నా,

ఇవాళ మన యూనివర్సిటీ మళ్ళీ తెరిచారు. కరోనాలో నువ్వు పోయాక, ఇన్నాళ్ళూ మూసిన గదుల్లో వీపున డబ్బా మోసి క్రిముల మందు కొట్టింది నేను. రోజూ కిటికీలు తెరిచింది, తుప్పు నీళ్ళు పోయేదాకా నల్లాలు తిప్పింది నేను. నువ్వు చేసిందల్లా పోయేముందు మోత్కూరు నుంచి వేపకొమ్మలు తెచ్చి తలుపు తలుపుకీ కట్టడమే.

పొద్దున ఒక పిల్ల ఎండిన కొమ్మను తాకి, “యాదన్న కట్టిన కొమ్మలే మనల్ని కాపాడినయ్” అన్నది.

“మందు కొట్టింది నేను బిడ్డా” అన్నాను.

“గట్లనా?” అని వెళ్ళిపోయింది.

ఒళ్ళు మండి కొమ్మలన్నీ పీకేశాను. లైబ్రరీ తలుపుది ఒక్కటే మిగిలింది. పొంగిపోకు. ఆ తలుపు మిగతావాటికంటే ఎత్తు, నువ్వు నాకంటే జానెడు పొడుగు, నా చేయి అందలేదు. స్టూలు తేవడానికి బద్ధకించాను, అంతే.