కుడికాలు ఫోటో

ఈపూరులో ఉన్న అన్నయ్యకు, హైదరాబాదు నించి చెల్లెలు సునీత వందనాలు. వదినా పిల్లలూ దేవుడి దయవల్ల కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను బాగానే ఉన్నా. హాస్టలు కూరల్లో కారమే ఉండదు. ముసురుకి గుడ్డలు ఆరటంలా. దిగులు పడబాక, బాగానే ఉన్నా.

ఫోన్ చేస్తే నీ గొంతు విని మెత్తబడతానని ఇది రాస్తున్నా.

పోయిన సోమవారం మరియమ్మ పిన్ని మా ఆసుపత్రికి, నేను నర్సుగా చేసే వార్డుకే వచ్చింది. కూతురు సువార్త బస్సెక్కించి తీసుకొచ్చింది. ఎడమకాలి కట్టు విప్పంగానే ఆ పుండు గుర్తుపట్టా.

క్రిస్మస్ అప్పుడు ఆ కాలి ఫోటో నువ్వే పంపావు. మిరపచేలో ముల్లు గుచ్చుకున్న చోట పాదం ఉబ్బి, నాలుగైదు కన్నాలు పడి, చీములో మిరియప్పొడి లాంటి నల్ల రవ్వ. అప్పుడే చెప్పా గదా, ఇది మామూలు పుండు కాదు, మట్టిలో ఉండే ఫంగస్ ముల్లుతో పాటు లోపలికి పోయింది, ముక్క తీసి పరీక్ష చేయించాలి, నెలల తరబడి మాత్రలు మింగాలి, స్టెరాయిడ్ మాత్రం పొడవబాక అని. గుంటూరు పంపించా, తగ్గిపోయింది అన్నావు. నున్నటి పాదం ఫోటో పెట్టావు. మా అన్న ఆర్ఎంపీ అయినా చెప్పిన మాట వింటాడని వార్డంతా చూపించుకున్నా.

ఆ ఫోటో మళ్లీ తీసి చూశా. అది కుడికాలు. రోజూ ఇన్ని పాదాలు చూసేదాన్ని, సంతోషంలో బొటనవేలు ఏ పక్కనుందో చూసుకోలా.

పిన్నినడిగితే, "గుంటూరేందమ్మా, నేనేడికీ పోలా. మీ అన్నే వారం వారం ఇంజక్షన్ చేశాడు. చేసిన రోజు నొప్పే ఉండేది కాదు" అంది. వాపు దిగితే జబ్బు తగ్గినట్టా అన్నయ్యా? ఆ స్టెరాయిడ్ ఇంజక్షన్ల మాటున ఫంగస్ ఎముకలోకి పోయింది. మాత్రలు మొదలుపెట్టారు గానీ పాదం నిలవదన్నారు. వచ్చే గురువారం తీసేస్తారు.

అమ్మ పోయినాక నిన్ను పెద్దోడా అని పిలుస్తా, మనిద్దరికీ ముద్దలు కలిపి పెట్టిన మనిషి. నీ చేత కాలేదని ఊళ్లో అంటారని భయపడ్డావా? తెలియక చేస్తే ఏడ్చి ఊరుకునేదాన్ని. నువ్వు మంచికాలు చూసి మరీ ఫోటో తీశావు. నన్ను మోసం చేశావు.

ఇంకెవరికన్నా అట్టాంటి కాలుంటే నువ్వు సూది ముట్టుకోబాక, పెద్దాసుపత్రికి పంపించు. గురువారం లోపల నువ్వు రా. వచ్చేటప్పుడు గోంగూర పచ్చడి తీసుకురా, పిన్ని చానా అడుగుతుంది. పాస్టరుగారికీ పెద్దలందరికీ నా వందనాలు చెప్పు. ఈసారి నీ దీవెనలు అడగటంలా, వదిన దీవెనలు అడుగుతున్నా.

ఫోటో సంగతి పిన్నికి చెప్పలా. రోజూ పొద్దున్నే కళ్లు మూసుకుని, "నా పెద్దోడి చేతిని దీవించు ప్రభువా" అని ప్రార్థన చేస్తంది. పక్కనే నిలబడి ఉంటా. ఆమేన్ అనటానికి నాకు నోరు రావటంలా.

ఇట్లు,
నీ చెల్లెలు
సునీత